వీధి శుభ్రత - తోటివారి హక్కు

ఇస్లాంలో ఆరాధన శుభ్రతతోనే మొదలవుతుంది. వుజూ లేనిదే నమాజు లేదు. ఒళ్ళు, బట్టలు, నమాజు చేసే చోటు - మూడూ పరిశుభ్రంగా ఉండాలి. ఈ సంగతి మన ఇళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అయితే మస్జిద్ గడప దాటి వీధిలోకి రాగానే ఈ పాఠం మనలో చాలామందికి గుర్తుండదు. ఇల్లు ఊడ్చి చెత్తను పక్కవారి గోడ దగ్గర పోస్తాము. మన ముంగిలి శుభ్రపడింది కదా అనుకుంటాము. ఇది శుభ్రత కాదు. మన మురికిని ఇతరుల నెత్తిన వేయడం.

కార్యక్రమాలు వచ్చాయి, వెళ్ళాయి

శుభ్రతా కార్యక్రమాలు మన పల్లెలకు కొత్త కాదు. 2014 అక్టోబరు 2న దేశమంతటా స్వచ్ఛ భారత్ మొదలైంది. 2019 సెప్టెంబరులో తెలంగాణ గ్రామాల్లో 30 రోజుల ప్రణాళికతో పల్లె ప్రగతి ఆరంభమైంది. 2024 ఆగస్టు 5 నుండి 9 వరకు ‘స్వచ్ఛదనం - పచ్చదనం’ జరిగింది. ఆ రోజుల్లో చీపుర్లు పట్టినవారు, మురుగు కాలువలు తీసినవారు, మొక్కలు నాటినవారు ఎందరో ఉన్నారు. వారి శ్రమ వృథా కాదు. కాని చాలా చోట్ల వారం తిరిగేసరికి అదే మూలన మళ్ళీ చెత్తకుప్ప లేస్తుంది. కారణం ఒకటే. శుభ్రత సర్కారు పని అనుకున్నాము గాని, అది తోటివారికి మనం చెల్లించవలసిన హక్కు అని గ్రహించలేదు.

పైవారు, కిందివారు

2016లో మండలంగా ఏర్పడిన మన హవేలిఘనపూర్‌నే తీసుకోండి. మంజీరా నదిపై 1905లో కట్టిన ఘనపూర్ ఆనకట్ట నుండి రెండు కాలువలు బయలుదేరుతాయి. ఫతే నహర్ పాపన్నపేట వైపు వెళ్తుంది. మహబూబ్ నహర్ కొల్చారం, మెదక్, హవేలిఘనపూర్ మండలాల పొలాలకు నీరు అందిస్తుంది. ‘నహర్’ అరబీ పదం. స్వర్గంలో ప్రవహించే సెలయేళ్ళకు దివ్య ఖుర్ఆన్ వాడిన పదం ఇదే. అటువంటి పేరున్న కాలువలో ప్లాస్టిక్ సంచులు, పెళ్ళి విందుల గ్లాసులు, కోళ్ళ వ్యర్థాలు వేస్తే ఏమవుతుంది? చెత్త తూముల దగ్గర అడ్డుపడుతుంది. నీరు చివరి పొలం దాకా చేరదు. ఆ నీరు తాగే పశువుల కడుపులోకి ప్లాస్టిక్ పోతుంది. పైన వేసినవాని చెయ్యి తేలికవుతుంది, భారం కిందివానిపై పడుతుంది.

దైవప్రవక్త (స) ఒక ఓడను ఉదాహరణగా చెప్పారు. కొందరు పై అంతస్తులో, కొందరు కింది అంతస్తులో ఉన్నారు. కిందివారు నీటి కోసం మాటిమాటికీ పైకి రావలసి వస్తోంది. పైవారిని ఇబ్బంది పెట్టడం ఎందుకని తమ భాగంలోనే రంధ్రం చేసుకోవాలనుకున్నారు. పైవారు వారిని వారించకపోతే అందరూ మునుగుతారు, వారిస్తే అందరూ బతుకుతారు (బుఖారీ). ఊరు కూడా ఓడ వంటిదే. “నా ఇంటి ముందు నా ఇష్టం” అనే మాటకు ఇక్కడ చోటు లేదు. తప్పు చూసి మౌనంగా ఉండటానికీ చోటు లేదు. అయితే వారించేటప్పుడు మృదువుగా, సోదరభావంతో చెప్పాలి.

క్షమాపణ ఎవరిని అడుగుతాము?

ఇక్కడ మనం భయపడవలసిన విషయం ఒకటుంది. అల్లాహ్ హక్కుల విషయంలో జరిగిన లోపాన్ని, పశ్చాత్తాపపడితే ఆయన క్షమించవచ్చు. దాసుల హక్కులు - హుఖూఖుల్ ఇబాద్ - అలా కాదు. నష్టపోయిన వ్యక్తి క్షమించాలి, లేదా అతని హక్కు అతనికి చెల్లించాలి. నమాజులు, ఉపవాసాలు, జకాతుతో ప్రళయదినాన వచ్చి కూడా, ఇతరులకు చేసిన అన్యాయాల వల్ల తన పుణ్యాలన్నీ వారికి పంచి ఇచ్చి దివాలా తీసే మనిషి గురించి దైవప్రవక్త (స) హెచ్చరించారు (ముస్లిం).

మనం కొట్టినవాడు, తిట్టినవాడు ఎవరో మనకు తెలుసు. వెళ్ళి క్షమాపణ కోరవచ్చు. కాని మనం పారేసిన గ్లాసులో పుట్టిన దోమ కుట్టి జ్వరపడిన పసిబిడ్డ ఎవరు? మన చెత్త అడ్డుపడి పైరు ఎండిన రైతు ఎవరు? తెలియని మనిషిని వెతికి క్షమాపణ ఎలా కోరుతాము? కనుక అటువంటి అప్పు చేయకుండా ఉండటమే మేలు. నీళ్ళ రేవులలో, దారిలో, నీడలో మలవిసర్జన చేయడం శాపం తెచ్చే పని అని హదీసులో ఉంది (అబూ దావూద్). ఆ మూడు చోట్లూ నలుగురివి కావడమే అందులోని మర్మం. అలాగే, దారి నుండి బాధ కలిగించే వస్తువును తొలగించడం విశ్వాస శాఖల్లో ఒకటని కూడా ఆయన (స) బోధించారు (ముస్లిం).

మన చేతిలో ఉన్న పనులు

1. శుక్రవారం: డెంగీ వ్యాపింపజేసే దోమ నిలిచిన మంచినీటిలో గుడ్లు పెడుతుంది. అవి దోమలుగా ఎగరడానికి సుమారు 8 నుండి 10 రోజులు పడుతుంది. వారానికి ఒకసారి నీళ్ళు పారబోస్తే ఆ చక్రం తెగిపోతుంది. ఆరోగ్య సిబ్బంది ‘ఫ్రైడే - డ్రైడే’ అనడం ఇందుకే. జుమా కోసం గుస్ల్ చేసే రోజునే కూలర్లు, తొట్లు, పాత టైర్లు, కొబ్బరి చిప్పలు కూడా ఖాళీ చేద్దాం.

2. విందులు: వలీమా, ఇఫ్తార్ విందుల్లో ప్లాస్టిక్ గ్లాసులకు బదులు స్టీలు గ్లాసులు, మోదుగాకు విస్తర్లు వాడుకోవచ్చు. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ కప్పులు, ప్లేట్లు 2022 జులై 1 నుండి దేశంలో నిషిద్ధం. ప్లాస్టిక్‌ను కాల్చడం పరిష్కారం కాదు. ఆ పొగ విషం, పీల్చేది పక్కింటివారే.

3. ఖుర్బానీ: వ్యర్థాలను కాలువలోనో రోడ్డు పక్కనో వేయరాదు. లోతైన గుంత తీసి, సున్నం చల్లి పూడ్చాలి. నలుగురు కలిసి ముందురోజే గుంత సిద్ధం చేసుకుంటే ఎవరికీ కష్టం ఉండదు. ఆరాధన పొరుగువారికి దుర్వాసనగా మిగలకూడదు.

4. వుజూ నీరు: దైవప్రవక్త (స) ఒక ముద్ నీటితో, అంటే లీటరు కంటే తక్కువతో వుజూ చేసేవారు. మస్జిద్ కుళాయిని సన్నగా తిప్పుకుందాం. వుజూ నీటిని చెట్ల పాదులకు మళ్ళిద్దాం.

5. సఫాయి కార్మికులు: తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి ఇవ్వాలి. పగిలిన గాజును కాగితంలో చుట్టి, చెప్పి ఇవ్వాలి. మస్జిదె నబవీని ఊడ్చే స్త్రీ మరణించిన సంగతి తనకు చెప్పలేదని తెలిసినప్పుడు, దైవప్రవక్త (స) ఆమె సమాధి వద్దకు వెళ్ళి జనాజా నమాజు చేశారు (బుఖారీ, ముస్లిం). చీపురు పట్టిన చేతికి ఇస్లాం ఇచ్చిన గౌరవం అది.

ఈ పనులు ముస్లింల వీధికే పరిమితం కారాదు. పొరుగువాని హక్కుకు మతభేదం లేదు. కాలువ కూడా ఎవరి పొలమని అడిగి పారదు. కనుక ఊరంతా కలిసి శ్రమదానం చేసే రోజున మనం ముందు వరుసలో ఉండాలి. ఆ మరునాడు, ఎవరూ చూడనప్పుడు కూడా అదే పద్ధతి పాటించాలి. అల్లాహ్ ఆ మరునాటి పనిని కూడా చూస్తున్నాడు.

తోటివారి హక్కుల భారం లేకుండా తన సన్నిధికి చేరే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.