వారం రోజులు ఇల్లు విడిచి వెళ్ళే దంపతులు



దేవుని పిలుపు విని హారాను నుండి బయలుదేరినప్పుడు అబ్రహాము వయస్సు ఎంతో మీకు జ్ఞాపకమున్నదా? 75 సంవత్సరాలు. ఆదికాండము 12వ అధ్యాయం ఆ లెక్కను స్పష్టంగా చెబుతున్నది. సారా ఆయనకంటే పదేళ్ళు చిన్నది, అంటే 65. మన లెక్కలో ఇద్దరూ పింఛను తీసుకుంటూ, మోకాళ్ళకు తైలం రాసుకుంటూ ఇంటి పట్టున ఉండవలసినవారు. "ఆ కాలపు ఆయుష్షులు వేరు కదా ఫాదర్‌గారూ" అని మీరనవచ్చు. నిజమే. అయినా గ్రంథకర్త వారి వయస్సును పనిగట్టుకొని చెప్పాడు. దేవుడు ఒక పడుచువాణ్ణి కాదు, ఒక వృద్ధ దంపతుల జంటను ఇల్లు కదిలించాడని మనం గమనించాలనే ఆయన ఉద్దేశ్యం.

ఈ వారం నేను మీతో మాట్లాడదలచిన విషయం ఇదే. ఉద్యోగ విరమణ చేసిన దంపతులు సంవత్సరానికి ఒక్క వారం తమ ఇల్లు, తమ విచారణ విడిచి, మరొక విచారణలోని ఒక చిన్న సబ్‌స్టేషన్‌కు వెళ్ళి అక్కడి కుటుంబాల మధ్య ఉండి రావడం. దీన్ని వేదవ్యాపక సేవ అంటే కొందరు నవ్వుతారు. వేదవ్యాపకులంటే ఓడ దిగి వచ్చిన తెల్ల గడ్డాల గురువులే మన మనస్సులో మెదులుతారు. 1846లో విశాఖపట్టణం చేరిన పునీత ఫ్రాన్సిస్ ది సేల్స్ సభ గురువుల త్యాగాన్ని తక్కువ చేసే ఉద్దేశ్యం నాకు లేదు. కాని వేదవ్యాపకం వారితో మొదలు కాలేదు, వారితో ముగియలేదు.

అపోస్తలుల కార్యములు 18వ అధ్యాయం తీసి చూడండి. అక్విలా పొంతు దేశస్థుడు. భార్య ప్రిస్కిల్లా. క్లౌదియు చక్రవర్తి యూదులను రోమునుండి వెళ్ళగొట్టినప్పుడు, అంటే క్రీ.శ. 49 ప్రాంతంలో, కట్టుబట్టలతో కొరింతు నగరానికి వచ్చి చేరినవారు. గుడారాలు కుట్టడం వారి వృత్తి. పౌలుగారిదీ అదే వృత్తి గనుక వారింటిలోనే బస చేసి, వారితో కలిసి పని చేశాడు. తరువాత ఆయనతో పాటు ఎఫెసుకు ప్రయాణమయ్యారు. ఆయన ముందుకు సాగిపోయాడు, వీరు అక్కడే ఆగారు. అక్కడికి అపొల్లో అనే గొప్ప వక్త వచ్చాడు. లేఖనాల్లో దిట్ట, కాని ఆయనకు తెలిసినది యోహాను స్నానం మాత్రమే. ఈ దంపతులు ప్రార్థనామందిరంలో పదిమంది ముందు ఆయనను తప్పు పట్టలేదు. వేరుగా తమ వద్దకు చేర్చుకొని దేవుని మార్గాన్ని మరింత వివరంగా తెలియజేశారు. ఒక పండితుని విశ్వాసాన్ని సరిచేసినది గుడారాలు కుట్టుకొనే ఇద్దరు భార్యాభర్తలు!

మరొక సంగతి. నూతన నిబంధనలో వీరి పేర్లు ఆరు చోట్ల వస్తాయి. ఆరు చోట్లా ఇద్దరి పేర్లూ కలిసే వస్తాయి, ఒక్కచోట కూడా ఒకరిని విడిచి మరొకరు కనిపించరు. అందులో నాలుగు చోట్ల భార్య పేరే ముందున్నది. మన పెళ్ళి శుభలేఖలు రాయించే పెద్దలు ఈ విషయం గమనించగలరు. రోమీయులకు రాసిన లేఖ చివర పౌలుగారు ఈ ఇద్దరూ తన కోసం ప్రాణాలకు తెగించారని కృతజ్ఞతతో చెప్పుకొన్నాడు. వారి ఇంటిలో సమావేశమయ్యే సంఘానికీ వందనాలు పంపాడు. రెండవ వాటికన్ మహాసభ 1965 నవంబరు 18న గృహస్థుల ప్రేషిత సేవపై వెలువరించిన పత్రంలో పౌలుగారికి తోడ్పడిన ఆ స్త్రీపురుషులను గుర్తు చేసినది. శ్రీసభ ఈ దంపతుల పండుగను జూలై 8న స్మరిస్తున్నది.

ఇక మన సంగతికి వద్దాం. మన సబ్‌స్టేషన్లలో నెలకు ఒకటి రెండుసార్లు దివ్యబలిపూజ జరుగుతున్నది. గురువు వస్తాడు, పాపసంకీర్తనాలు వింటాడు, పూజ చేస్తాడు, ఒక ఇంట్లో కాఫీ తాగి మరో ఊరికి మోటారుసైకిలు ఎక్కుతాడు. ఆయన్ని తప్పు పట్టలేం, ఆదివారం ఉదయం మూడు ఊళ్ళు తిరగవలసినవాడు. మరోవైపు మన పట్టణ విచారణల్లో రిటైరైన టీచర్లు, రైల్వేవారు, నర్సమ్మలు, ఆర్టీసీవారు ఎంతోమంది ఉన్నారు. ఆరేసి నెలలు అమెరికాలో ఉండి మనుమలను పెంచి వస్తున్నారు. తప్పు కాదు, తాతయ్యలు, అమ్మమ్మలు చేయవలసిన పనే. కాని ఆరు నెలలు అక్కడ ఇవ్వగలిగినవారు ఏడు రోజులు ఇక్కడ ఇవ్వలేరా?

అడిగితే వచ్చే జవాబు ఆరోగ్యం గురించి కాదు. "మా ఇంట్లోనే సరిగా లేదు ఫాదర్‌గారూ, ఇంకొకరికి ఏం చెబుతాం?" ఈ మాట నేను చాలా ఇళ్ళల్లో విన్నాను. కొడుకు పూజకు రావడం మానేశాడు. కూతురు సంసారం చెడింది. అలాంటివారు మరో ఊరికి వెళ్ళి ఏ ముఖంతో మాట్లాడాలి? ఇది కొట్టిపారేయదగిన ప్రశ్న కాదు.

మా విచారణనుండి ఒక జంట కొన్నేళ్ళ క్రితం తపస్కాలంలో ఇలా ఒక వారం కొండకింది ఊరికి వెళ్ళింది. ఆయన లెక్కల మాస్టారు, ఆమె గృహిణి. వారి కుమారుడు పదేళ్ళుగా గుడి గడప తొక్కలేదు. వెళ్ళేముందు మాస్టారు ఏడు ప్రసంగాలు రాసుకొని నాకు చూపించారు. బాగానే ఉన్నాయి. వాటిలో రెండు కూడా వాడలేదు. కారణమేమంటే పగలు మగవాళ్ళు పనులకు పోతారు, రాత్రి జపమాల అయ్యేసరికి అందరికీ నిద్ర ముంచుకొస్తుంది. పూటకొక ఇంట్లో భోజనం ఏర్పాటు చేశారు. అసలు పని ఆ భోజనాల దగ్గర జరిగింది.

అది చింతపండు కాలం. ఆడవారందరూ అరుగులమీద కూర్చొని గింజలు తీస్తుంటారు. మాస్టారి భార్య కూడా వారి పక్కన కూర్చున్నారు. మూడవ రోజున ఒక ముసలామె అడిగింది, "మీ పిల్లలు గుడికొస్తారామ్మా?" అని. ఆమె దాచలేదు. "మా అబ్బాయి రాడమ్మా. రోజూ వాడికోసమే జపమాల చెప్పుకుంటాం" అన్నారు. కొంతసేపు ఎవరూ మాట్లాడలేదట. తరువాత ఆ ముసలామె తన కోడలి సంగతి మొదలుపెట్టింది.

ఆ కోడలు, కొడుకు తొమ్మిదేళ్ళుగా కాపురం చేస్తున్నారు. ఇద్దరు బిడ్డలు, ఇద్దరికీ జ్ఞానస్నానాలైనాయి. కాని వీరికి జ్ఞానవివాహం కాలేదు. ఇంట్లో చెప్పకుండా కలిసి వెళ్ళిపోయినవారు. ప్రతి పూజలోనూ దివ్యసత్ప్రసాద సమయంలో వెనక గోడ దగ్గర కూర్చుండిపోతారు. ఆ విచారణగురువు అడిగినప్పుడల్లా తలలు వంచుకొని "చూద్దాం ఫాదర్" అనేవారట. విశ్వాసం లేదనే ఊరంతా అనుకొన్నది. అసలు కారణం చింతపండు గింజల మధ్య బయటపడింది. గుడిలో పెళ్ళంటే ఊరంతటికీ భోజనం పెట్టాలి, పెట్టకపోతే పరువు పోతుంది, అంత అప్పు ఎక్కడ తేవాలి? గురువును ఈ మాట అడగడానికి సిగ్గుపడ్డారు.

శ్రీసభ చట్టం జ్ఞానవివాహానికి అడిగేది ఆటంకాలు లేని ఇద్దరి స్వేచ్ఛాసమ్మతి, దాన్ని స్వీకరించే గురువు, ఇద్దరు సాక్షులు. విందు గురించి ఒక్క ముక్క లేదు. మాస్టారు ఈ సంగతి ఆ రాత్రి భర్తకు, ఆయన భార్య మరునాడు ఆ అమ్మాయికి చెప్పారు. శనివారం విచారణగురువు వచ్చినప్పుడు నలుగురూ కలిసి వెళ్ళి మాట్లాడారు. జ్ఞానస్నాన పత్రాలు తెప్పించడం, ప్రకటనలు చదవడం, విచారణ ముగించడం, వీటన్నిటికీ కొన్ని వారాలు పట్టింది. పాస్కా పండుగ తరువాత ఒక సోమవారం ఉదయం పూజలో వివాహం జరిగింది. సాక్షులుగా సంతకాలు చేయడానికి మాస్టారు, ఆయన భార్య మళ్ళీ బస్సెక్కి వెళ్ళారు. పూజ తరువాత అందరికీ ఇచ్చినది టీ, బిస్కెట్లు.

మాస్టారిగారి అబ్బాయి ఇంకా గుడికి రావడం లేదు. అది కూడా చెప్పాలి, లేకపోతే ఇది కట్టుకథలా ఉంటుంది.

సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో గాబ్రియేల్ మార్సెల్ (1889-1973) అనే ఫ్రెంచి తత్వవేత్త నాకు బాగా నచ్చాడు. నలభయ్యవ ఏట, 1929లో, కతోలిక శ్రీసభలో చేరినవాడు. మనకు 'ఉన్నది' వేరు, మనం 'ఉండటం' వేరు అంటాడాయన. డబ్బు, పదవి, పాండిత్యం మనకున్నవి. ఎదుటివాని బాధకు అందుబాటులో ఉండటం మనం అయినది. తనకున్నవాటిని కాపాడుకోవడంలోనే మునిగిపోయినవాడు ఎదురుగా కూర్చున్నా అందుబాటులో లేనట్లే. ముసలితనంలో 'ఉన్నవి' ఒక్కొక్కటే జారిపోతాయి. పదవి పోయింది, చూపు తగ్గింది, పిల్లలు దూరమయ్యారు. దాన్ని నష్టమనే అందరూ అంటారు. కాని ఆ అరుగుమీద ఆమెకు తలుపు తెరిచినది ఆమె పోగొట్టుకొన్నదే కదా! చక్కగా పూజకు వచ్చే కొడుకు ఉన్న తల్లికి ఆ ముసలామె తన కోడలి సంగతి చెప్పి ఉండేదా? నేను వెళ్ళినా చెప్పదు. గురువు వరండాలో కుర్చీ వరకే వస్తాడు. వంటింటి గడప దాటగలిగినది ఇలాంటి జంట మాత్రమే.

2021లో ఫ్రాన్సిస్ పోపుగారు జూలై నెల నాలుగవ ఆదివారాన్ని అవ్వాతాతల, వృద్ధుల దినంగా ఏర్పాటు చేశారు. మన విచారణల్లో ఆ రోజు పెద్దలకు శాలువాలు కప్పుతున్నాం. శాలువాతో పాటు ఒక పని కూడా అప్పగించవచ్చు.

వెళ్ళదలచినవారికి కొన్ని మాటలు. రెండు విచారణల గురువుల అనుమతి లేకుండా కదలవద్దు. నాట్లు, కోతల రోజుల్లో వెళ్తే ఇళ్ళల్లో ఎవరూ దొరకరు, తపస్కాలం మంచిది. ఊరి ఉపదేశిగారే అక్కడ పెద్ద, ఆయన్ని దాటి ఏదీ చేయవద్దు. ప్రార్థన నడిపించవచ్చు, వాక్యం చదివి నాలుగు మాటలు చెప్పవచ్చు. నియామకం లేనివారు దివ్యసత్ప్రసాదం పంచరాదు. పొలం తగాదాలలో తీర్పు చెప్పవద్దు, ఎవరికీ డబ్బు ఇవ్వవద్దు, ఇస్తామని ఆశ పెట్టవద్దు. విన్న ఇంటి గుట్టు మరో ఇంట్లో విప్పవద్దు. బస్సు చార్జీలు మీవి, భోజనం వారిది. ఆ భోజనం వద్దనకండి, పెట్టడం వారి గౌరవం. షుగరు, బి.పి. ఉన్నవారు పది రోజుల మందులు వెంట తీసుకువెళ్ళండి.

పేర్లు ఇవ్వదలచిన దంపతులు ఆదివారం పూజ తరువాత మీ విచారణగురువును కలవండి. ఇద్దరూ కలిసి రండి. ఒకరు వచ్చి రెండవవారి పేరు కూడా రాయించి పోవడం వద్దు.