వృద్ధుల సంరక్షణ గృహానికి వెబ్‌సైట్ ఎలా ఉండాలి?

అనంతపురం నుండి బెంగళూరుకు, నెల్లూరు నుండి చెన్నైకి, శ్రీకాకుళం నుండి బరంపురానికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఒక చిక్కు తరచుగా తలెత్తుతుంది. ఊరిలో ఒంటరిగా ఉంటున్న తల్లి జారిపడి తుంటి ఎముక విరుగుతుంది. శస్త్రచికిత్స ముగిసి, ఆసుపత్రి నుండి పంపివేసే రోజు దగ్గరపడుతుంది. ఇక్కడ కొడుకు, కోడలు ఇద్దరూ ఉద్యోగస్థులే. ఆ రాత్రి వారు సెల్‌ఫోనులో సంరక్షణ గృహాల కోసం వెదుకుతారు. వారికి మొదట కనిపించేది గృహం వాకిలి కాదు, దాని వెబ్‌సైట్. అందుచేత ఈ పాఠం గృహాలను నడిపేవారికీ, వాటిని ఎంచుకొనేవారికీ ఉద్దేశింపబడినది.

1. అలంకారం కంటే సమాచారం ముఖ్యం

తోటల చిత్రాలు, చిరునవ్వుల ముఖాలు చూపి, వెంటనే ఫోను నంబరు అడిగే వెబ్‌సైట్ ఆందోళనలో ఉన్న కుటుంబానికి ఉపకరించదు. గృహం ఎక్కడ ఉన్నది, నెలకు ఎంత ఖర్చవుతుంది, రాత్రివేళ ఎవరు ఉంటారు, వైద్యుడు ఏయే రోజులలో వస్తారు అనే ప్రశ్నలకు మొదటి పేజీలోనే సమాధానం ఉండాలి. రుసుములో భోజనంతో పాటు మందులు, డైపర్లు, ఫిజియోథెరపీ కలిసి ఉన్నాయా, వేరుగా చెల్లించాలా అన్నది స్పష్టం చేయాలి. డిపాజిట్ ఏ షరతులపై తిరిగి ఇస్తారో కూడా తెలుపాలి.

చేయగలిగినదానితో పాటు చేయలేనిదీ చెప్పడం అవసరం. మంచం పట్టినవారిని, మతిమరుపు వ్యాధి ఉన్నవారిని, ముక్కుగొట్టం ద్వారా ఆహారం తీసుకొనేవారిని చేర్చుకోలేని గృహం ఆ మాట ముందే రాయాలి. చేరిన తరువాత ఆ సంగతి బయటపడితే, ఆ వృద్ధురాలు మరొకసారి మూట కట్టుకొని వేరొక చోటికి పోవలసి వస్తుంది.

2. భాష

ఊరు దాటని తల్లికి తెలుగు తప్ప మరొక భాష రాకపోవచ్చు. నొప్పి ఎక్కడ ఉన్నదో చెప్పినా, సేవకురాలికి ఆ మాట అర్థం కాకపోతే సంరక్షణ సాగదు. కాబట్టి సిబ్బంది ఏయే భాషలు మాట్లాడగలరో వెబ్‌సైట్‌లో తెలుపాలి.

తెలుగు పేజీని యూనికోడ్ అక్షరాలతోనే సిద్ధం చేయాలి. కరపత్రాన్ని ఫోటో తీసి పెడితే, పెద్దది చేసినప్పుడు అక్షరాలు మసకబారుతాయి. అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ కూడా దానిని సరిగా చదవలేకపోవచ్చు. యంత్రం చేసిన అనువాదాన్ని తెలుగు తెలిసినవారు చదివి సరిదిద్దకుండా ప్రచురించరాదు.

3. చూపు మందగించినవారికి అనుకూలత

వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం ప్రమాణాల ప్రకారం మామూలు పరిమాణపు అక్షరానికీ, నేపథ్యానికీ మధ్య వెలుగు వ్యత్యాసం కనీసం 4.5:1 నిష్పత్తిలో ఉండాలి. అక్షరాలను 200 శాతం వరకు పెంచినా పేజీలోని విషయం చెదరకూడదు. తెల్లని నేపథ్యంపై లేత బూడిదరంగు అక్షరాలు, తమంతట తామే మారిపోయే చిత్రాలు పెద్దలకు ఇబ్బంది కలిగిస్తాయి. ఫోను నంబరును తాకగానే కాల్ వెళ్లే ఏర్పాటు ఉండాలి.

4. గౌరవం, గోప్యత

నివాసుల ఫోటోలను వారి సమ్మతి లేకుండా ప్రదర్శించరాదు. అడిగినది గ్రహించలేని స్థితిలో ఉన్నవారి ఫోటోలను పెట్టకపోవడమే మర్యాద. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా సమ్మతికి ప్రాధాన్యమిచ్చింది. విచారణ పత్రంలో పేరు, నంబరు అడిగితే చాలు. ఆధార్ వివరాలు అడగవలసిన పని లేదు.

5. ఫిర్యాదుకు మార్గం

ఫిర్యాదులను స్వీకరించే బాధ్యుని పేరు, నంబరుతో పాటు వృద్ధుల జాతీయ సహాయవాణి 14567ను కూడా వెబ్‌సైట్‌లో చూపాలి. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 60 ఏళ్లు నిండినవారిని వయోవృద్ధులుగా పరిగణిస్తుంది. తమను తాము పోషించుకోలేని తల్లిదండ్రులు పిల్లల నుండి పోషణ కోరుతూ ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. గృహంలో చేర్చినంత మాత్రాన పిల్లల బాధ్యత తీరిపోదు.

అభ్యాసం

మీకు దగ్గరలోని ఒక గృహం వెబ్‌సైట్‌ను తెరవండి. నెల ఖర్చు, రాత్రి సిబ్బంది, వైద్యుని రాక, సిబ్బంది భాషలు, ఫిర్యాదు నంబరు అనే ఐదు విషయాలు పది నిమిషాలలో దొరుకుతాయేమో చూడండి. దొరకనివాటిని కాగితంపై రాసుకొని ఫోనులో అడగండి. తరువాత భోజనవేళ స్వయంగా వెళ్లి, రాసినదీ జరుగుతున్నదీ ఒకటేనా అని పరిశీలించండి.

చివరగా, ఫోనును మీ అమ్మగారి చేతికి ఇచ్చి ఆ పేజీని చదవమనండి. చదవడం రానివారికి మీరే చదివి వినిపించండి. అక్కడ ఉండబోయేది ఆమె గనుక, ఆమె అడిగే ప్రశ్నలకు సమాధానం దొరికిన తరువాతనే నిర్ణయం తీసుకోండి.