పాత ట్రాక్టరు డైనమో – కొనుటకు ముందు పరీక్ష

అద్దంకి ప్రాంతపు రైతుకు ట్రాక్టరు పగటి పనిముట్టు మాత్రమే కాదు. మిరప కోతలు, ప్రత్తి తీతలు సాగు దినములలో సరుకు నింపిన ట్రక్కుతో చీకటిపడిన పిమ్మట రోడ్డెక్కక తప్పదు. అద్దంకి–నార్కట్‌పల్లి రహదారి వంటి బాటపై దీపములు లేని ట్రాక్టరు తోలువానికిని, ఎదుట వచ్చువారికిని ప్రాణాపాయము. పాత ట్రాక్టర్లలో ఆ దీపములకును, బ్యాటరీకిని విద్యుత్తు నందించునది డైనమో. కొత్త బండ్లలో దాని స్థానమును ఆల్టర్నేటరు ఆక్రమించినది. కనుక పాత బండి గలవారు వాడిన డైనమోను వెదకి కొనవలసి వచ్చును. రంగు పూసిన డైనమో చూపునకు కొత్తదివలెనే ఉండును. లోపలి తీగ కాలినదో లేదో ఆ రంగు చెప్పదు. చెప్పగలిగినది పరీక్ష యొక్కటే.

1831లో మైకేల్ ఫారడే కనుగొనిన విద్యుదయస్కాంత ప్రేరణయే డైనమోకు మూలము. అయస్కాంత క్షేత్రమున తీగచుట్ట తిరిగినచో దానియందు విద్యుత్తు పుట్టును. డైనమోలో క్షేత్రము నిచ్చునది ఫీల్డు చుట్ట, తిరుగునది ఆర్మేచరు, పుట్టిన విద్యుత్తును కమ్యుటేటరు మీదుగా బొగ్గు బ్రష్షులు వెలుపలికి తెచ్చును. దీనికే విద్యుత్తు నిచ్చినచో మోటారువలె తిరుగును. ల్యూకాస్ తరహా 12 వోల్టుల డైనమోకు పరీక్షాక్రమము ఇట్లుండును.

మొదటిది, చూపు పరీక్ష. ఇరుసును చేతితో త్రిప్పవలెను. గరగర శబ్దము గాని, పక్కలకు ఊగుట గాని ఉన్నచో బేరింగు లేక బుష్షు అరిగినది. బ్రష్షులు పొట్టివి కారాదు. కమ్యుటేటరు గాడిపడి యుండరాదు. లోపలి గోడపై టంకము చిమ్మిన చుక్కలున్నచో ఆర్మేచరు మితిమీరి వేడెక్కినదని గ్రహింపవలెను.

రెండవది, నిరోధ పరీక్ష. ‘ఎఫ్’ అను చిన్న టెర్మినలుకును, డైనమో బాడీకిని నడుమ సుమారు 6 ఓములుండవలెను. మీటరు ఏమియు చూపనిచో ఫీల్డు తీగ తెగినది. దాదాపు సున్న చూపినచో అది బాడీకి తగిలినది.

మూడవది, మోటారు పరీక్ష. ‘డి’, ‘ఎఫ్’ టెర్మినళ్లను తీగతో కలిపి బ్యాటరీ యొక్క ఒక ధ్రువమునకు, బాడీని రెండవ ధ్రువమునకు కలుపవలెను. మంచి డైనమో నెమ్మదిగా, ఎడతెగక తిరుగును. కుదుపులతో తిరిగినను, ఒక్కొక్కచోట ఆగినను ఆర్మేచరును గాని, బ్రష్షులను గాని అనుమానింపవలెను. కొద్ది క్షణముల పరీక్ష చాలును. ఇచ్చట నొక జాగ్రత్త ముఖ్యము. మన ట్రాక్టరులో ఏ ధ్రువము బాడీకి కలిసియున్నదో, పరీక్షలోను దానినే బాడీకి కలుపవలెను. ఏలయన ఫీల్డు ఇనుములో మిగులు శేష అయస్కాంతత్వము దీనినిబట్టియే ఏర్పడును. పాత ట్రాక్టర్లు కొన్నింటిలో బాడీకి కలిసియుండునది ధన ధ్రువమని మరువరాదు.

నాలుగవది, బండిపై పరీక్ష. డైనమోను బిగించి, రెండు టెర్మినళ్ల నుండి బండి తీగలను విప్పి, ‘డి’, ‘ఎఫ్’లను పొట్టి తీగతో కలిపి, వోల్టుమీటరు యొక్క ఒక కొనను వాటికి, రెండవ కొనను బాడీకి చేర్చవలెను. ఇంజను వేగమును మెల్లగా పెంచినచో ముల్లు వణకక త్వరగా పైకి పోవలెను. 20 వోల్టులు చేరకముందే వేగము తగ్గింపవలెను. ముల్లు కదలనిచో ముందుగా బ్రష్షులను చూడవలెను. 1 వోల్టు లోపలనే నిలిచినచో ఫీల్డు చుట్ట, 6 వోల్టుల ప్రాంతమున నిలిచినచో ఆర్మేచరు చెడినదని అనుమానింపవలెను.

ఈ పద్ధతి ఆల్టర్నేటరుకు పనికిరాదు. బ్యాటరీ తీగ విప్పి దానిని నడిపినచో లోపలి డయోడ్లు చెడిపోవచ్చును.

నాలుగవ పరీక్షకు అంగడిలో వీలుండదు. కావున మొదటి మూడింటిని అక్కడనే చేసి, బండిపై పనిచేయనిచో వాపసు తీసికొనునట్లు సొమ్ము చెల్లింపక పూర్వమే మాట తీసికొనవలెను. మీటరు, బ్యాటరీ, రెండు తీగలు – కావలసిన సామగ్రి ఇంతియే. ఇంటర్మీడియేటు భౌతికశాస్త్రము చదివిన రైతుబిడ్డ వీటితో తండ్రి వెంట అంగడికి పోయినచో, ఆ చదువు ఆ దినముననే అక్కరకు వచ్చును.