సముద్రపు దరిని చర్మకారుని ఇంట

పాఠ్యభాగము: అపొస్తలుల కార్యములు 9:36 – 10:48
తోడుగా చదువవలసినవి: లూకా 10:30-37, గలతీ 2:11-14, 1 పేతురు 4:9



మంగంపేట ప్రాంతమున కాపురమున్న మనకు సముద్రము దూరపు సంగతి. మన గనులలో త్రవ్విన ముగ్గురాయి పొడియై ఓడలెక్కి సముద్రములు దాటుచున్నది. నీటికంటె నాలుగు రెట్లకు పైగా బరువుగల రాయి గనుక, చమురుబావులు త్రవ్వువారు దానిని బురదలో కలిపి వాడుదురు. రాయి అంత దూరము పోవుచున్నది గాని, సముద్రమును ఎన్నడును చూడని పెద్దలు మన కూటములలో ఉన్నారు. అట్టి మనకు సముద్రపు దరినున్న ఒక చిన్న ఇంటిని, అందులో బస చేసిన ఒక అతిథిని గూర్చిన పాఠము ఈ నెల ధ్యానమునకు వచ్చినది. ఈ పాఠమునకు అర్థము మన గుమ్మముల యొద్దనే ఉన్నది.

1. ఆ ఇల్లు ఎట్టిది?

యొప్పే పట్టణము రేవుపట్టణము. దేవాలయము కట్టుటకు లెబానోను దేవదారు మ్రానులు ఆ రేవుననే దిగినవి (2 దినవృత్తాంతములు 2:16). యోనా పారిపోవుటకు ఓడ యెక్కినది అక్కడనే (యోనా 1:3). ఆ పట్టణమున తబితా అను శిష్యురాలు బ్రతికింపబడిన తరువాత పేతురు అనేక దినములు అక్కడ నిలిచెను. ఎవరి ఇంట నిలిచెను? సీమోను అను చర్మకారుని ఇంట.

లూకా ఈ సంగతిని ఒకసారి చెప్పి విడువలేదు. 9:43లోను, 10:6లోను, 10:32లోను, మూడుమారులు ఆ ఇంటివాని వృత్తిని పేర్కొనెను. అతిథి పేరు కూడ సీమోనే గనుక గురుతు కొరకు వృత్తి చెప్పెనని కొందరు తలంపవచ్చును. ఆ మాట కొంత నిజమే. అయినను చర్మకారుడు అనగా యూదులలో ఏమి అర్థమో తెలిసినవారికి ఆ మాట చెవిలో గట్టిగా మ్రోగును.

చచ్చిన పశువు కళేబరమును ముట్టినవాడు సాయంకాలమువరకు అపవిత్రుడని లేవీయకాండము 11:39లో ఉన్నది. చర్మకారునికి అది ప్రతిదినపు పని. యూదుల మిష్నా అను ధర్మశాస్త్ర సంకలనము ప్రకారము తోళ్లు ఊనువాని పనిచోటు ఊరికి 50 మూరల ఎడమున, అదియు తూర్పుప్రక్కన మాత్రమే ఉండవలెను. తోళ్ల వాసన భరింపలేని భార్య విడుదల కోరుటకు కూడ ఆ ధర్మము అనుమతించెను. తోళ్లు నానుటకు, కడుగుటకు నీరు చాల కావలెను. వాసన పోవుటకు గాలి కావలెను. సీమోను ఇల్లు సముద్రపు దరిని ఎందుకుండెనో ఇప్పుడు తేటపడుచున్నది. అది విహారమునకు కట్టిన మేడ కాదు. ఊరివారు తమకు దూరముగా ఉంచిన ఇల్లు.

మన ప్రాంతమునకు ఈ సంగతి క్రొత్త కాదు. సున్నపు తొట్టిలో తోలు నానబెట్టి, తంగేడు చెక్కతో పదును చేసినవారి చేతిపని లేనిదే ఊరిలో ఒక్క దినమైన జరుగలేదు. కపిల బావుల తోలు తొండముల గుండ వచ్చిన నీరే అందరి పొలములను తడిపెను. ఆ నీటిని ఎవరును మైల అనలేదు. తొండము కుట్టినవానిని మాత్రము ఊరి వెలుపల ఉంచిరి.

2. ఆ ఇంట అతిథి ఏమి నేర్చుకొనెను?

పేతురు జాలరి. చేపల వాసన ఎరిగినవాడు గాని, ఆహార నియమములలో గట్టివాడు. నిషిద్ధమైనది తానెన్నడును తినలేదని అతడే చెప్పుకొనెను (10:14). అట్టివాడు తోళ్ల తొట్ల ప్రక్కన నిద్రించెను. ఒక్క రాత్రి కాదు, అనేక దినములు.

మధ్యాహ్న వేళ అతడు ప్రార్థనకు మిద్దె యెక్కెను. ఆకలి గొనెను. క్రింద ఇంటివారు వంట సిద్ధము చేయుచుండిరి. అప్పుడే ఆకాశము తెరువబడి, నాలుగు చెంగులు పట్టి దింపిన దుప్పటి వంటిది అతనికి కనబడెను. దేవుడు ఈ దర్శనమును యెరూషలేము దేవాలయమున ఇయ్యలేదు. చర్మకారుని మిద్దెమీద, చర్మకారుని పొయ్యిమీద అన్నము ఉడుకుచుండగా ఇచ్చెను. దర్శనము రాకమునుపే పేతురు సగము పాఠమును ఆ ఇంటి కంచములో నేర్చుకొనుచుండెను అని మేము తలంచుచున్నాము. కొన్ని సంగతులు ప్రసంగము వినుటవలన రావు. ఒకని ఇంట పడుకొని, వాని చేతి అన్నము తిన్నప్పుడే వచ్చును.

3. అతిథియే ఆతిథ్యమిచ్చెను

అంతలో కొర్నేలీ పంపిన మనుష్యులు ముగ్గురు వచ్చిరి. కైసరయ నుండి యొప్పేకు సుమారు 50 కిలోమీటర్లు. వారు లోపలికి రాక, వాకిట నిలిచి కేకవేసిరి. అన్యజనులు యూదుని ఇల్లు చొరరాదని వారికి తెలియును. పేతురు దిగివచ్చి ఏమి చేసెను? వారిని లోపలికి పిలిచి బస ఇచ్చెను (10:23).

ఆ ఇల్లు పేతురుది కాదు. చాప చర్మకారునిది, అన్నము చర్మకారునిది. దూరముగా ఉంచబడిన ఇంటివాడు మొదట పేతురును చేర్చుకొనెను. చేర్చుకొనబడిన పేతురు అదే కప్పు క్రింద రోమా సైనికుని, ఇద్దరు పనివారిని చేర్చుకొనెను. మరునాడు బయలుదేరి, కైసరయలో కొర్నేలీ ఇల్లు చొచ్చి, ఏ మనుష్యునిని అపవిత్రుడని చెప్పకూడదని దేవుడు తనకు చూపెనని పలికెను (10:28). అన్యజనులకు సువార్త ద్వారము తెరువబడుటకు ముందు సముద్రపు దరిని ఒక చిన్న ఇంటి తలుపు తెరువబడెను.

4. మన బసల సంగతి

కొంతకాలము క్రిందట మేము కొందరము నెల్లూరి మీదుగా మైపాడు సముద్రమునకు పోతిమి. నెల్లూరికి అది సుమారు 25 కిలోమీటర్లు. త్రోవలో ఒకచోట రాత్రి బసకు అడిగితిమి. పేర్లు వ్రాసుకొనువాడు మా ఊరు అడిగెను. పిమ్మట ఊరిలో ఏ పేట అని అడిగెను. చెప్పగానే గదులు లేవనెను.

మైపాడులో దొరికిన బస చిన్నది. గోడలకు సున్నము రాలుచుండెను. దుప్పట్లలో ఇసుక ఉండెను. రాత్రంతయు అలల హోరు. ఇంటావిడ మాలో పెద్దవానితో, “పెద్దాయనా, కుళాయి నీళ్లు ఉప్పగా ఉంటాయి, తాగొద్దు. మంచినీళ్లు ఈ బిందెలో పెట్టినాను” అనెను. కరువు సీమ వారము గనుక నీటి విలువ మేమెరుగుదుము. ఎదుట అంతులేని నీరుండియు త్రాగుటకు చుక్క లేనిచోట, దూరమునుండి తెచ్చిన బిందెడు నీరు ఆమె మాకిచ్చెను. పేట అడుగలేదు. ఉదయమున అదే లోటాలతో తానును కాఫీ త్రాగెను.

గది లేదన్నవానిని గూర్చి చట్టము చెప్పునది తెలిసికొనుట మనకు మంచిది. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 17వ అధికరణముచేత అంటరానితనమును రద్దుచేసెను. కులమునుబట్టి హోటళ్లలో ప్రవేశము నిరాకరింపరాదని 15వ అధికరణము చెప్పుచున్నది. అంటరానితనము పేరిట సత్రములలోను హోటళ్లలోను అడ్డగించుట శిక్షార్హమైన నేరమని 1955 నాటి చట్టము విధించెను. 1976 సవరణతో దానికి పౌరహక్కుల పరిరక్షణ చట్టమను పేరు వచ్చెను. మన బిడ్డలకు ఈ సంగతి నేర్పుడి.

అయితే చట్టము బస తలుపు తెరిపింపగలదు గాని, మన ఇంటి తలుపు తెరిపింపదు. “ఏ పేట?” అను ప్రశ్న క్రైస్తవుల గుమ్మముల యొద్దను వినబడుచున్నది. మాలపల్లెలో ఒక కూటము, మాదిగపల్లెలో వేరొక కూటము జరుగు గ్రామములున్నవి. ఒకే బల్లయొద్ద రొట్టె విరిచి, పెండ్లి విందునాడు వేరు పంక్తులు కూర్చుండు చోట్లున్నవి. అదే ప్రశ్నను వసతిగృహమువాడు అడిగినప్పుడు మన హృదయము మండును. మండుట న్యాయమే. మన ఆరుబయట నిలిచిన సహోదరుని హృదయము కూడ అట్లే మండునని మరువకుడి.

గాయపడినవానిని మంచి సమరయుడు చేర్చిన పూటకూళ్ల ఇంటికి లూకా వాడిన గ్రీకు మాటకు ‘అందరిని చేర్చుకొను చోటు’ అని అర్థము. సంఘమునకు ఇంతకంటె మంచి పేరు దొరుకునా?

5. నేర్చిన పాఠమును నిలుపుకొనుట

ఇంత నేర్చిన పేతురే అంతియొకయలో అన్యజనులతో భోజనము చేయుచుండి, కొందరు వచ్చినప్పుడు భయపడి వెనుకతీసెను. పౌలు అతనిని ముఖాముఖిగా ఎదిరించెను (గలతీ 2:11-12). ఇందువలన తెలియునది ఏమనగా, మన పేటలో ఒంటరిగా ఉన్నప్పుడు అందరితో తినుట సులభము; బంధువులు చూచుచున్నప్పుడు తినుట కష్టము. పరీక్ష అక్కడనే ఉన్నది. తరువాతి కాలమున సణుగుకొనక ఆతిథ్యము చేయుడని తన పత్రికలో వ్రాసినది ఈ పేతురే. యొప్పేలోని ఆ చిన్న ఇల్లు అప్పుడతనికి జ్ఞాపకము వచ్చియుండదా?

కుటుంబ ప్రార్థనలో ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. లూకా సీమోను వృత్తిని మూడుమారులు చెప్పుటవలన మనము నేర్చుకొనవలసినదేమి?
2. కొర్నేలీ మనుష్యులు వాకిటనే ఎందుకు నిలిచిరి? నేడు మన వాకిట అట్లు నిలుచువారెవరు?
3. అతిథిగా పోయినప్పుడు పెట్టినది సంతోషముగా తినుట కూడ సాక్ష్యమగునా? ఎట్లు?
4. మన సంఘములో ఇంతవరకు ఎవరి ఇంట మనము భోజనము చేయలేదు?

ఈ నెలలో చేయవలసిన పని: ప్రతి కుటుంబము వేరొక పేటలోని ఒక కుటుంబమును భోజనమునకు పిలువవలెను, వారు పిలిచినప్పుడు వారి ఇంటికి పోయి, వారి పళ్లెములో తినవలెను. పిలుచుట ఒక మెట్టు; పోయి కూర్చుండుట రెండవ మెట్టు. పేతురు మొదట నేర్చినది ఆ రెండవ మెట్టే.