ప్రక్కకు తీసికొనిపోయిన ప్రభువు
చదువవలసిన భాగము: మార్కు 7:31–37

దెకపొలి ప్రాంతమున ప్రభువునొద్దకు ఒక చెవిటివానిని తీసికొనివచ్చిరి. ఆయన మొదట చేసిన పని యేది? స్వస్థపరచుట కాదు, గుంపులోనుండి వానిని ప్రక్కకు తీసికొనిపోవుట. పిమ్మట వాని చెవులలో వ్రేళ్లుంచెను, నాలుక ముట్టెను, ఆకాశమువైపు చూచెను. వినలేనివానికి సైగయే భాష గదా! మనము ఈ కథ తరచుగా చదువుదుము గాని, ప్రక్కకు పోయిన సంగతిని గమనింపము.

క్రిస్మసు నాటకములు, కోతపండుగ భజనలు ఏర్పాటు చేయువారు దీనిని ఆలోచింపవలెను. కర్నూలు, కడప పల్లెలలో మన పండుగ ఎట్లుండును? దేవాలయము ముంగిట పెద్ద సౌండ్ బాక్సులు, మెరసి ఆరు రంగుదీపములు, ప్రక్కనే జనరేటరు, నడుమ టపాకాయలు. ఆటిజం గల బిడ్డకు ఇవి భరింపరాని బాధ కావచ్చును. బిడ్డ చెవులు మూసికొని కేకలు వేయును. చూచువారిలో కొందరు దయ్యమందురు, కొందరు పెంపకము చాలదందురు. మరుసటి యేడు ఆ తల్లి ఇంటియొద్దనే నిలిచిపోవును. ఆమె యేల రాలేదని యెవరును అడుగరు. ఇది చిన్న నష్టమని మేమెంచము.

అయితే పండుగ మానవలెనా? అక్కరలేదు. 2011లో న్యూయార్కు నగరమున ‘ది లయన్ కింగ్’ అను గొప్ప నాటకమును ఇట్టి బిడ్డల కుటుంబములకొరకు ప్రత్యేకముగా ఆడిరి. శబ్దము తగ్గించిరి, కన్నులు చెదరగొట్టు దీపములు మానిరి, బిడ్డ తాళలేనప్పుడు వెళ్లి కూర్చుండుటకు నెమ్మదియైన చోటు సిద్ధపరచిరి. మనకంత ధనము లేదు. గాని వేపచెట్టు క్రింద ఒక చాప, మంచినీళ్ల కుండ, తోడుగా కూర్చుండు ఒక అక్క, ఇవి దొరకని పల్లె యేది? జనరేటరును వెనుక వీధిలో పెట్టవచ్చును. టపాకాయలను ఆఖరున, ముందుగా అందరికి చెప్పి కాల్చవచ్చును.

మన చెక్కభజన ఈ పనికి మిక్కిలి అనుకూలము. చెక్కలు పట్టిన చూపులేని సోదరుడు తాళమును వ్రేళ్లలోనే తెలిసికొనును. వినికిడి లేనివాడు గురువు అడుగులు చూచి అడుగు కలుపును.

మెట్లున్నచోట వాలు కట్టవలెను. అడుగు ఎత్తునకు పండ్రెండడుగుల పొడవు కావలెను. కడప నాపరాళ్లు, బేతంచెర్ల బండలు మనకు దగ్గరనే దొరకును గాని నున్నని ముఖము పైకి వేయరాదు, తడిసిన జారును.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఆటిజంతో సహా 21 విధములైన వైకల్యములను పేర్కొని, కళలలోను వినోదములలోను పాల్గొను హక్కు వారికి కలదని చెప్పుచున్నది. లూకా 14లోని విందులో కూడ వారు దూరమునుండి చూచువారు కారు, బల్లయొద్ద కూర్చున్నవారు. కావున చక్రముల కుర్చీలోని బాలునికి ఎల్లప్పుడు కుంటివాని వేషమే ఇచ్చుట మాకు నచ్చదు. వాడు తూర్పుదేశపు జ్ఞాని కాకూడదా?

పండుగ కమిటీ కూడుటకు ముందు ఇద్దరు ఆ తల్లుల యిండ్లకు వెళ్లి, బిడ్డకు ఏది భయమో ఏది ఇష్టమో అడిగి వ్రాసికొని రావలెను. డప్పు అంటే ప్రాణమని చెప్పు తల్లులును ఉందురు.