తెలిసినట్టే ఉంటుంది

లక్ష్మీకాంత్ పాలిటీ పుస్తకాన్ని మూడుసార్లు తిరగేశానని చెప్పే సివిల్స్ అభ్యర్థి ఎవరైనా కనిపిస్తే, పుస్తకం మూయించి ఒక్క ప్రశ్న అడిగి చూడండి. పార్లమెంటు ఉభయసభల సంయుక్త సమావేశానికి అధ్యక్షత వహించేది ఎవరు? చాలామంది తడుముకోకుండా ‘రాష్ట్రపతి’ అంటారు. సమావేశాన్ని పిలిచేది రాష్ట్రపతే. కుర్చీలో కూర్చునేది మాత్రం లోక్‌సభ స్పీకర్. ఇది సరిగ్గా చెప్పినవాళ్లను ఇంకాస్త లోపలికి తీసుకెళ్లండి. స్పీకర్ రాలేకపోతే? డిప్యూటీ స్పీకర్. ఆయనా లేకపోతే? ఇక్కడ ‘రాజ్యసభ చైర్మన్’ అనేస్తారు. కాదు, రాజ్యసభ డిప్యూటీ చైర్మన్. చైర్మన్ అంటే ఉపరాష్ట్రపతి. ఆయన ఏ సభలోనూ సభ్యుడు కాదు కదా. పోనీ, రాజ్యాంగ సవరణ బిల్లు దగ్గర రెండు సభలకూ పొసగకపోతే సంయుక్త సమావేశం పెట్టొచ్చా? పెట్టకూడదు. ఇవన్నీ ఆ పుస్తకంలో ఉన్నవే. పసుపు రంగు హైలైటర్ కింద మూడేళ్లుగా మెరుస్తూనే ఉన్నాయి.

చదవలేదా అంటే చదివాడు. అందులో అబద్ధమేమీ లేదు. మూడోసారి తిరగేస్తుంటే ప్రతి వాక్యమూ ఎక్కడో చూసినట్టే ఉంటుంది. ఆ పరిచయాన్నే అతను జ్ఞానం అనుకున్నాడు. సివిల్స్‌కు రోజుకు ఎన్ని గంటలు చదవాలి, ఏ పుస్తకాలు కొనాలి, ఏ కోచింగ్‌లో చేరాలి అని చెప్పేవాళ్లకు మన దగ్గర కొదవ లేదు. ఆ సలహాలతో నాకు తగాదా లేదు. కానీ ఈ పరీక్ష మొదటి అంచె నుంచి చివరి అంచె దాకా గుచ్చి గుచ్చి అడిగేది ఒక్కటే. నీకు నిజంగా తెలిసిందెంత, తెలిసినట్టు అనిపిస్తున్నదెంత? ఈ లెక్క దగ్గర తనకు తాను నిజం చెప్పుకోలేనివాడు ఎన్ని గంటలు చదివినా ఎక్కడో ఒకచోట దొరికిపోతాడు. దీనికి అసాధారణమైన తెలివితేటలేమీ అక్కర్లేదు. స్వభావం కొంచెం మార్చుకోవాలి, అదే కష్టం.

అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఉన్న వాషింగ్టన్ యూనివర్సిటీ మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికి 2006లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. ఒక బృందం విద్యార్థులు చిన్న పాఠాన్ని నాలుగు విడతలు చదివారు. ఇంకో బృందం ఒక్క విడతే చదివి, మిగతా మూడు విడతలూ పాఠం పక్కన పెట్టి గుర్తున్నంత రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే రాసినవాళ్లకు 61 శాతం గుర్తుంది, చదివినవాళ్లకు 40 శాతం. నన్ను ఆకట్టుకున్నది ఈ అంకెలు కాదు. పాఠం తర్వాత గుర్తుంటుందా అని ముందే అడిగితే, ఎక్కువ ధీమాగా చెప్పింది మళ్లీ మళ్లీ చదివిన బృందమే!

హైదరాబాద్ అశోక్‌నగర్, చిక్కడపల్లి రీడింగ్ రూముల్లో ఓసారి చూడండి. తల వంచుకుని పేజీలు తిప్పేవాళ్లే అంతా. పుస్తకం మూసి తెల్లకాగితం ముందు కూర్చున్నవాడు ఆ గదిలో ఖాళీగా ఉన్నట్టు కనిపిస్తాడు. పాపం, అసలు పని చేస్తున్నది అతనే కావచ్చు.

ప్రిలిమ్స్‌లో ఈ ధీమాకు యూపీఎస్‌సీ నేరుగా ధర కట్టింది. జనరల్ స్టడీస్ మొదటి పేపర్‌లో 100 ప్రశ్నలు, 200 మార్కులు. తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కుల్లో మూడో వంతు కోత, అంటే సుమారు 0.66. నాలుగు ఆప్షన్లలో కళ్లు మూసుకుని ఒకటి పెట్టుకుంటూ పోతే, సగటున వచ్చేదీ పోయేదీ సరిసమానమై సున్నా మిగులుతుంది. ఒక ఆప్షన్‌ను సరిగ్గా కొట్టేయగలిగితే ప్రశ్నకు సుమారు 0.22 మార్కు లాభం, రెండు కొట్టేయగలిగితే 0.67. అందుకే ‘రిస్క్ తీసుకో’ అనే సీనియర్ మాటా, ‘తెలియనిది ముట్టుకోకు’ అనే ఇంకో సీనియర్ మాటా రెండూ సగం సగమే. ఎన్ని పెట్టావన్నది తర్వాతి సంగతి. కొట్టేసిన ఆప్షన్ నిజంగా తప్పని తెలిసి కొట్టేశావా, తప్పులా అనిపించి కొట్టేశావా?

దీన్ని తేల్చుకోవడానికి ఖర్చులేని పద్ధతి ఒకటుంది. మాక్ టెస్ట్ రాసేటప్పుడు ప్రశ్నపత్రం మీద ప్రతి జవాబు పక్కన ఒక గుర్తు పెట్టుకోవాలి. కచ్చితంగా తెలిస్తే ఒక గీత, రెండు ఆప్షన్ల మధ్య ఊగిసలాడితే రెండు గీతలు, ఊరికే పెట్టేస్తే మూడు. టెస్ట్ అయ్యాక మొత్తం మార్కులు చూసుకుని నిట్టూర్చడమో ఎగిరి గంతేయడమో కాకుండా, ఒక్కో రకాన్నీ విడిగా దిద్దుకోవాలి. మూడు గీతల్లో తప్పులు ఉండడం సహజం. ఒక గీత పెట్టినవాటిలో, అంటే ప్రమాణం చేసి చెప్పగలను అనుకున్నవాటిలో, నలభైకి పది తప్పయితే ఆ పదే అసలు సమస్య. ఆ పదింటినీ మళ్లీ చదవాలనిపించదు, తెలుసనే కదా అనుకున్నది! కొత్త పుస్తకం కొనే ముందు ఆ పదింటి దగ్గర కూర్చోవాలి. టెస్ట్ సిరీస్‌లో ర్యాంకు ఎంతో వాట్సాప్ గ్రూపులో పెట్టేవాళ్లు చాలామందే ఉంటారు గానీ, ఒక గీత తప్పులెన్నో లెక్కపెట్టుకునేవాళ్లు తక్కువ.

కటాఫ్ మీద లెక్కలు కట్టుకోవడం మాత్రం దండగ. జనరల్ కేటగిరీలో 2022 ప్రిలిమ్స్ కటాఫ్ 88.22, మరుసటి ఏడాది 75.41. ఒక్క ఏడాదిలో అంత తేడా. పైగా అధికారిక కటాఫ్ బయటికొచ్చేది మొత్తం ప్రక్రియ ముగిశాకే.

మెయిన్స్‌కు వచ్చేసరికి దాక్కోవడానికి చోటుండదు. జనరల్ స్టడీస్ మొదటి మూడు పేపర్లలో ఒక్కోదానిలో మూడు గంటల్లో 20 ప్రశ్నలు. పది మార్కులవి 150 పదాల్లో, పదిహేను మార్కులవి 250 పదాల్లో రాయాలి. అన్నిటికీ రాయాల్సిందే. సగటున ప్రశ్నకు తొమ్మిది నిమిషాలు. చదివి, ఆలోచించి, రాసేసి పేజీ తిప్పేయాలి. ఈ మధ్య ఒక కుర్రాడు సాధన కోసం రాసిన జవాబు చూశాను. ప్రశ్న ఇదీ: అనంతపురం లాంటి కరువు ప్రాంతాల్లో వేరుశనగ రైతులు పండ్ల తోటలకు ఎందుకు మళ్లుతున్నారు, ఇందులో ఉన్న ప్రమాదాలేమిటి?

‘భారతదేశం వ్యవసాయ ప్రధానమైన దేశం. జనాభాలో అధిక శాతం వ్యవసాయం మీదే ఆధారపడి జీవిస్తున్నారు. రైతే దేశానికి వెన్నెముక’ అని మొదలైంది. అనంతపురం ఇంకా రాలేదు. ఆ తర్వాత పీఎం కిసాన్, ఫసల్ బీమా, కృషి సించాయీ యోజన అని పథకాల పేర్లు వరుసగా, ఒక్కోదాని కింద రెండేసి గీతలు. రైతుల ఆదాయం పెంచాల్సిన అవసరం గురించి ఒక వాక్యం. చివర ‘రైతు బాగుంటేనే దేశం బాగుంటుంది’. ప్రమాదాల గురించి ఒక్క ముక్క లేదు. అక్షరాలు మాత్రం ముత్యాల్లా ఉన్నాయి.

రాసినవాడిది ఆ జిల్లాయే. ఇంట్లో ఆరెకరాల చేను. కాగితం పక్కన పెట్టి ‘మీ నాన్న చీనీ చెట్లు ఎందుకు పెట్టాడు?’ అని అడిగాను. ఆపకుండా చెప్పాడు. వేరుశనగ వానను నమ్ముకున్న పంట. ఊడలు దిగే సమయానికి వాన ముఖం చాటేస్తే పెట్టుబడి మట్టిపాలే. రెండు మూడు ఏళ్లు వరసగా అలా పోయాక బోరు వేయించి, సబ్సిడీలో డ్రిప్ తెచ్చుకుని తోట పెట్టారు. చేనంతా తడిపేటన్ని నీళ్లు ఒకేసారి తోడనక్కర్లేదు, చెట్టు మొదట్లో బొట్లు బొట్లుగా పడితే చాలు. మరి ప్రమాదం? వేరుశనగ పోతే ఆ ఏడు పోతుంది, బోరు ఎండితే చెట్లే పోతాయి. చెట్టు కాపుకొచ్చేదాకా ఏళ్ల తరబడి చేతి డబ్బులు పెట్టాలి. పక్క చేలో ఇంకాస్త లోతుకు బోరు దించితే మన బోరులో నీళ్లు తగ్గుతాయి. కౌలుదారు ఈ ఆట ఆడలేడు, అతనికి వచ్చే ఏడు ఆ పొలం ఉంటుందో లేదో తెలియదు.

‘ఇది ఎందుకు రాయలేదయ్యా?’ అంటే, ‘ఇది నోట్స్‌లో లేదు సార్’ అన్నాడు.

ఈ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. తెలియనిదాన్ని తెలుసనుకోవడం ఒక తప్పయితే, దానికి జోడీగా ఇంకొకటి ఉందన్నమాట. నిజంగా తెలిసినదాన్ని తెలిసిన లెక్కలో వేసుకోకపోవడం. కోచింగ్ నోట్స్‌లో ఉన్నదే జ్ఞానం, ఇంటి దగ్గర చూసింది ‘మామూలు సంగతి’ అని ఎవరు నేర్పారో గానీ బాగా నేర్పారు. అతను చెప్పిన ఐదారు వాక్యాలకు ఒక క్రమం, ఒకటి రెండు నమ్మకమైన అంకెలు, కౌలుదారుకూ పక్క చేను రైతుకూ పనికొచ్చే ఒక సూచన కలిపితే 150 పదాలు నిండిపోతాయి. ‘వ్యవసాయ ప్రధానమైన దేశం’తో మొదలుపెట్టాల్సిన అవసరమే రాదు. సొంత జవాబును మర్నాడు పొద్దున, పరాయివాడు రాసినట్టు, ఎర్ర పెన్నుతో చదవాలి. ప్రతి వాక్యాన్నీ ‘ఈ ప్రశ్న కాకుండా వేరే ప్రశ్నకైనా నువ్వు సరిపోతావా?’ అని అడగాలి. సరిపోతే కొట్టేయాలి. మొదటి వారం పేజీలో సగం ఎర్రబడుతుంది. మనసుకు కష్టంగానే ఉంటుంది, అందుకే చాలామంది రాయడం మానేసి మళ్లీ చదవడానికి వెళ్లిపోతారు.

తెలుగు మీడియం వాళ్లకు ఒక మాట. మెటీరియల్ కొరత నిజమే, వార్తాపత్రికల్లో దొరకని పరిభాషను సొంతంగా సమకూర్చుకోవలసిన బాధ నిజమే. అయినా 2016 పరీక్షలో దేశంలో మూడో ర్యాంకు తెచ్చుకున్న శ్రీకాకుళం జిల్లా వాసి, బడిపంతులు రోణంకి గోపాలకృష్ణ తెలుగు సాహిత్యం ఆప్షనల్‌గా తీసుకుని, ఇంటర్వ్యూకూ తెలుగులోనే వెళ్లారు. అలాగని అందరూ తెలుగే ఎంచుకోవాలని నేననడం లేదు. ఆలోచన ఏ భాషలో తడబడకుండా సాగుతుందో ఎవరికి వాళ్లు తేల్చుకోవలసిందే. ఇంగ్లిష్‌లో రాస్తే గౌరవంగా ఉంటుందని రాయడం, ఇంగ్లిష్ భయంతో తెలుగులో రాయడం, రెండూ తప్పుడు లెక్కలే.

275 మార్కుల ఇంటర్వ్యూను చాలామంది జ్ఞాన పరీక్ష అనుకుంటారు. రాతపరీక్షలో ఆ పని ముందే అయిపోయింది. బోర్డు చూసేది చురుకుదనం, తూకం తప్పని ఆలోచన, నిజాయితీ లాంటివి. అభ్యర్థి నింపే వివరాల దరఖాస్తులో, అదే డాఫ్‌లో, హాబీల గడి ఒకటుంటుంది. ముగ్గురు ఉండే హాస్టల్ గదిలో ఏళ్లుగా ఉంటున్న మనిషి అక్కడ ‘తోటపని’ అని రాస్తే, ఇప్పుడు ఏ కుండీలో ఏముందని అడగరా? ఇంటర్వ్యూలో ‘తెలియదు సార్’ అనడం అవమానం కాదు. ఆ రెండు మాటలూ తలదించుకోకుండా, గొంతు తగ్గకుండా, తర్వాతి ప్రశ్నకు సిద్ధంగా చెప్పడం ఇంటర్వ్యూ ముందురోజు నేర్చుకుంటే వచ్చేది కాదు. మాక్ టెస్ట్‌లో మూడు గీతలు పెట్టుకున్న రోజు నుంచీ అలవాటవుతుంది.

ఇక అన్నిటికన్నా కష్టమైన నిజం ఇంట్లో చెప్పాల్సింది. పెళ్లిలోనో పండక్కో ఎవరో ఒకరు అడుగుతారు: ‘ఏరా, ఈసారైనా వస్తుందా?’ ‘కొద్దిలో పోయింది మామయ్యా.’ కొద్దిలో అంటే ఎంత? మెయిన్స్ రాసి ఇంటర్వ్యూకు పిలుపు రాకపోవడం ఒకటి, మూడుసార్లూ ప్రిలిమ్స్ దాటకపోవడం ఇంకొకటి. నెలనెలా ఫోన్‌పేలో డబ్బు పంపే నాన్నకు ఆ తేడా చెప్పాలి. జనరల్ అభ్యర్థికి 32 ఏళ్ల లోపు ఆరు అటెంప్టులు, ఓబీసీలకు 35 ఏళ్ల లోపు తొమ్మిది, ఎస్సీ, ఎస్టీలకు 37 దాకా ఎన్నయినా. నిబంధన ఇచ్చిన అవకాశాలన్నీ వాడుకుని తీరాలన్న రూలు మాత్రం ఎక్కడా లేదు. మెట్‌పల్లికి చెందిన దురిశెట్టి అనుదీప్ 2017 పరీక్షలో మొదటి ర్యాంకు తెచ్చుకున్నది ఐదో ప్రయత్నంలోనే. ఆ సంగతి ప్రతివాళ్లూ చెబుతారు. అప్పటికే ఆయన ఐఆర్ఎస్‌లో ఉద్యోగి అన్నది మాత్రం చెప్పడం మరిచిపోతారు. జీతం వస్తుండగా రాసిన ఐదో అటెంప్ట్ వేరు, అప్పు మీద రాసే ఐదోది వేరు.

2023 పరీక్షకు 10,16,850 మంది దరఖాస్తు చేస్తే రాసింది 5,92,141 మంది. మెయిన్స్‌కు 14,624 మంది, ఇంటర్వ్యూకు 2,855 మంది వెళ్లారు. ఎంపికైంది 1,016. ఇంటర్వ్యూ దాకా వెళ్లి ఆగిపోయేవాళ్ల వివరాలను, వాళ్లు ఒప్పుకుంటే, యూపీఎస్‌సీ ఇప్పుడు ‘ప్రతిభా సేతు’ ద్వారా ఇతర సంస్థలకు అందిస్తోంది, మంచిదే. ప్రిలిమ్స్ దగ్గరే ఆగిన ఐదు లక్షల పైచిలుకు మందికి అలాంటి వంతెన ఏదీ లేదు. వాళ్ల దారి వాళ్లే ముందుగా వేసుకోవాలి. గ్రూప్స్, బ్యాంకు, డీఎస్సీ, లేదా చదివిన డిగ్రీకి తగిన ఉద్యోగం, ఏదైనా సరే. అందుకే మొదటి అటెంప్ట్‌కు ముందే, ఉత్సాహం నిండుగా ఉన్నప్పుడే, ఒక కాగితం మీద రాసుకోవాలి: ఎన్ని అటెంప్టుల తర్వాత ఆగుతాను, ఏ అంచె దాటకపోతే ముందే ఆగుతాను, ఆ రోజు నుంచి ఏం చేస్తాను, అప్పటిదాకా ఖర్చు ఎవరిది. నాన్న చేత కూడా సంతకం పెట్టించి ఒక నకలు ఆయన దగ్గరే ఉంచితే, గడువు వచ్చినప్పుడు ‘ఈ ఒక్కసారికీ’ అని బతిమాలేది కొడుకైనా తండ్రైనా ముందు ఆ కాగితం తీయక తప్పదు.