పాలపిట్ట ఫోటో తీద్దాం

అక్కలారా! ప్రతి రాష్ట్రానికీ గుర్తుగా ఒక పిట్ట ఉంది. దాన్ని రాష్ట్ర పక్షి అంటారు. తెలంగాణకు పాలపిట్ట. ఆంధ్రప్రదేశ్‌కు 2018 నుంచి రామచిలుక. అంతకుముందు అక్కడా పాలపిట్టే.

దసరా నాడు పాలపిట్టను చూస్తే మంచిదంటారు. అందుకని కొందరు పిట్టలను పట్టి, పంజరంలో పెట్టి తెస్తారు. మనం డబ్బులిచ్చి చూస్తాం. బెదురుతో, ఆకలితో పిట్టలు చచ్చిపోతాయి. వాటిని పట్టడం 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరం. రామచిలుకను పంజరంలో పెంచడమూ నేరమే.

మరి పాలపిట్టను ఎలా చూడాలి? పొలం గట్టుకు పోదాం. సెల్‌ఫోన్‌తో ఫోటో తీసి ఇంటికి తెచ్చుకుందాం.

పాలపిట్ట కరెంటు తీగ మీద, ఎండు కొమ్మ మీద కూర్చుంటుంది. పురుగు కనబడితే కిందికి దూకుతుంది. చాలాసార్లు మళ్లీ అదే చోటికి వస్తుంది. ఎగిరినప్పుడు రెక్కల నీలం రంగు బాగా కనబడుతుంది.

దూరంగా నిలబడండి. పొద్దు మీ వీపు వైపు ఉండాలి. ఓపిక పట్టండి. పిట్టను లేపడానికి రాయి విసరకండి. చెట్టు తొర్రలో గూడు ఉంటే దగ్గరికి పోకండి.

ఫోటోలో పిట్ట చిన్నగా పడినా పరవాలేదు. అది చేలోనే ఉంటుంది. పురుగులను తింటుంది. పంటకు మేలు చేస్తుంది.

ఆలోచించండి: ఈసారి దసరాకు పంజరంలో పిట్టను తెచ్చి డబ్బులు అడిగితే మీరేమంటారు?